అరకిలో సీసాలో ఏలికపాము

ముప్పై ఒక్క ఏళ్ళు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో తేలు కుట్టలేదు, పాము కరవలేదు, ముగ్గురు ప్రిన్సిపాళ్ళ కింద పనిచేసి కూడా ఒంటి మీద గాటు లేకుండా బయటపడ్డాను. నన్ను కరిచింది ఒకే ఒక్క జీవి. అప్పటికే అది చచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఫార్మలిన్‌లో నానుతోంది.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, పరీక్షలు ఎలా పెట్టాలో సలహా చెప్పమంటారు. సలహా ఇచ్చేంత గొప్పగా నేను ఏ పరీక్షా పెట్టలేదు. ఒక పరీక్షను ఎంత ఘనంగా తప్పు పెట్టానో మాత్రం చెప్పగలను. ఆ తర్వాత చేసిన పనికి నాకు పై నుంచి మొట్టికాయలు పడ్డాయి. ఆ పని మాత్రం తప్పని ఈరోజుకీ ఒప్పుకోను. ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా చదివి నా పశ్చాత్తాపం కోసం వెతుక్కోకుండా.

మా కాలేజీ పాతబస్తీలో, ఉస్మాన్‌గంజ్‌కు నాలుగు సందుల అవతల. కింద కొట్లు, పైన కాలేజీ. ల్యాబ్ కిటికీ తెరిస్తే ఎండుమిర్చి ఘాటు, మూస్తే ఫార్మలిన్ ఘాటు. ఎటు చేసినా కళ్ళ నీళ్ళు తప్పవు కాబట్టి మా పిల్లలు చాలా సున్నిత మనస్కులని చూడ్డానికి వచ్చినవాళ్ళు అనుకునేవారు.

ప్రాక్టికల్ పరీక్షలో 'స్పాటర్లు' అని ఒక భాగం ఉంటుంది. బల్లల మీద వరసగా అయిదు సీసాలు పెడతారు. ఒక్కో సీసాలో ఒక్కో జంతువు. విద్యార్థి ఒక్కో దాని ముందు మూడు నిమిషాలు నిలబడి, అదేమిటో పేరు రాసి, ఎలా గుర్తుపట్టాడో కింద నాలుగు ముక్కలు రాయాలి. అటెండర్ గంట కొడతాడు, పక్క సీసాకు జరగాలి. చూసి చెప్పడం వచ్చా రాదా అని తేల్చే పరీక్ష అన్నమాట.

మా ల్యాబ్‌లో సీసాలు ఎంత పాతవంటే, వాటిలోని సమస్త జీవరాశీ ఒకే రంగుకు వచ్చేసింది. డికాషన్ రంగు. అందుకని పిల్లలు తెలివిగా జంతువును వదిలేసి సీసాను గుర్తుపెట్టుకునేవారు. ఎర్ర మూత అయితే నక్షత్రచేప. అంచు పగిలింది అయితే జలగ. పొట్టి పచ్చడి సీసా అయితే మగ ఏలికపాము. ఈ జ్ఞానం సీనియర్ల నుంచి జూనియర్లకు ఏటేటా అందేది. ఫోన్లు వచ్చాక ఫోటోలతో సహా అందేది. పరీక్ష రోజు లేబుళ్ళ మీద మేము తెల్ల కాగితం అంటించేవాళ్ళం. మూతలను ఏం చేయగలం?

"వీళ్ళు జంతువును చూడరు, సీసాను చూస్తారు" అని స్టాఫ్ రూములో నవ్వేవాణ్ణి. బాగానే నవ్వేవాణ్ణి.

ఏలికపాము అంటే పేగుల్లో ఉండే పొడుగాటి పురుగు. మగది పొట్టి, తోక కొస కొక్కెంలా వంగి ఉంటుంది. ఆడది పొడుగు, తోక నిటారు. డిగ్రీ మొదటి సంవత్సరం పాఠాల్లో ఇంతకంటే తేలికైన ముక్క లేదు. నిద్రలో లేపి అడిగినా చెప్పొచ్చు. నేను అలాగే చెబుతూ వచ్చాను.

ఆ రోజు మొదటి బ్యాచ్ ఇరవై నాలుగు మంది. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. ఎక్స్‌టర్నల్ అంటాం. మంచి మనిషి, బండి మీద వస్తాడు, ఇల్లు చాంద్రాయణగుట్ట జంక్షన్ దాటాక. ఆయనకు ప్రపంచంలో ఒకటే భయం: అయిదు దాటితే ఆ జంక్షన్‌లో ఇరుక్కుపోతానని. పొద్దున వచ్చిన దగ్గర్నుంచి గడియారం చూస్తూనే ఉన్నాడు. నోటి ప్రశ్నలు ఆయన అడిగాడు. స్పాటర్ల కాగితాలు నేను దిద్దాను, నేనే తయారుచేసిన జవాబుల కీ పక్కన పెట్టుకుని.

దిద్దడంలో మాకో ఆచారం ఉంది. ఏ పుస్తకంలోనూ లేదు, మా గురువులు మాకు నేర్పారు, మేము తర్వాతివాళ్ళకు నేర్పాం. పేరు తప్పు రాస్తే కింద రాసింది చదవరు. తాళమే తప్పయితే ఇల్లు చూడ్డమెందుకు అనేవారు మా గురువుగారు. ఇరవై ముగ్గురు నాలుగో స్పాటర్‌ను మగ ఏలికపాము అన్నారు. ఒకమ్మాయి ఆడది అంది. ఇంటూ పెట్టాను, సున్నా వేశాను, కింద అయిదు లైన్లున్నాయి, పేజీ తిప్పాను. మొత్తం నాలుగు సెకన్లు పట్టి ఉంటుంది. నా వృత్తి జీవితంలో నేను అంత వేగంగా చేసిన పని మరొకటి లేదు.

ఆ అమ్మాయి లెక్క పద్దెనిమిది దగ్గర ఆగింది. పాస్ కావాలంటే ఇరవై. రికార్డు పుస్తకం ఆలస్యంగా ఇచ్చిందని నేనే అంతకుముందు కోత పెట్టాను. నోటి ప్రశ్నలప్పుడు గొంతు పెగల్లేదట. ప్రాక్టికల్ పోతే మళ్ళీ ఏడాది ఆగాలి. బాధనిపించింది. ఎంత బాధంటే, ఒక టీ తెప్పించుకున్నాను.

మూడున్నరకు ఆ అమ్మాయే ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబడింది. వాళ్ళది గాజు సీసాలు, డబ్బాలు హోల్‌సేల్‌గా అమ్మే కుటుంబం. బేగంబజార్‌లో రెండు తరాల దుకాణం. క్లాసులో మూడో బెంచీలో కూర్చునేది, ఏడాదంతా కలిపి పది మాటలు మాట్లాడి ఉంటుంది.

"సార్, నాలుగో స్పాటర్ ఏంది సార్?"

"మగ ఏలికపాము."

"గది ఆడది సార్."

"ఇన్నేళ్ళ నుంచి మగదిగానే ఉందమ్మా. ఈ పొద్దే ఎందుకు మనసు మార్చుకుందంటావు?"

ఆ అమ్మాయి నవ్వలేదు. నా జోకులకు నవ్వని విద్యార్థులను నేను కొంచెం జాగ్రత్తగా చూస్తాను.

"సీసా చిన్నగున్నది సార్. గది పచ్చళ్ళకు పెట్టే అరకిలో సీసా. మా దుకాణంల డజన్లకొద్ది అమ్ముతం. గంత పొడుగుది దాంట్ల సక్కగ పట్టది. అందుకే తోక వంగింది. గదే రాసిన, కింద. మీరు సదివిన్రు గద?"

ఇలాంటప్పుడు వాడటానికి ఉపాధ్యాయుల దగ్గర కొన్ని మాటలుంటాయి. అన్నిట్లోకి బలహీనమైనది నా నోటికొచ్చింది. "ఫలితాలు వచ్చేదాకా మార్కుల సంగతి మాట్లాడకూడదు."

"మార్కులు అడుగుతలేను సార్. ఆడదా మగదా అడుగుతున్న."

"మార్కుల ఫికర్ లేదా నీకు?"

"ఎందుకు లేదు సార్. ఒక్కపాలి ఫెయిలైతే ఇగ దుకాణంల కూసోవాలె అని మా అన్నతోని మాటయింది. మూడేండ్ల సదువుకు గదే షరతు. గని గది వేరే సంగతి సార్. ముందుగాల గా పురుగు సంగతి చెప్పుండ్రి."

బయట బెంచీ మీద కూర్చోమన్నాను. తను వెళ్ళాక అటెండర్ గొంతు సవరించుకున్నాడు. నాకంటే ముందు నుంచీ ఆ ల్యాబ్‌లో ఉన్న మనిషి. సీసాల చరిత్ర ఆయన నోట్లోనే ఉండేది, అడిగినవాళ్ళు లేక బయటికి రాలేదంతే.

"ఆ పిల్ల చెప్పేది నిజమే ఉంటది సాబ్."

"నీకెట్లా తెలుసు?"

"అసలు సీసా పొడుగుండె. బల్ల తుడుస్తుంటే కింద పడ్డది. మస్తు పరేషాన్ అయిన ఆ దినం. పెద్దసార్ లొల్లి చేస్తడని ఉరికి పోయి బేగంబజార్ల ఏది దొరికితె అది తెచ్చి, అండ్ల కూసోబెట్టిన."

"కూర్చోబెట్టావా?"

"నిలబెడితె మూత పడ్తలేకుండె సాబ్."

"మరి లేబుల్ మీద మగది అని ఎవరు రాశారు?" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. ఆ చూపులో మర్యాద తప్ప మరేమీ లేదు. అదే బాగాలేదు.

"పాత కాయితం మీద వట్టిగ పురుగు పేరే ఉండె. అది నానిపోయింది. కొత్తది మీరే రాసిన్రు సాబ్. తోక సూసి, గిది మగది అన్నరు. నేనేమంట? సదువుకున్న సాబ్ అంటున్నడు గద అనుకున్న."

సీసా తెప్పించి, అంటించిన తెల్ల కాగితం గోటితో గీకాను. కింద నా దస్తూరీయే. అప్పట్లో దస్తూరీ మీద నాకు బాగా గర్వముండేది. ఆ గర్వమూ కనిపించింది.

మూత తీసి, పురుగును ట్రేలో పరిచి, భూతద్దం పట్టుకున్నాను. వంపు ఒక్కటి కాదు, నాలుగున్నాయి. గాజు తగిలిన ప్రతిచోటా ఒకటి. మగదానికి తోక దగ్గర ఒక్కటే ఉంటుంది. మిగతా మూడూ ఇన్నేళ్ళుగా నా కళ్ళ ముందే ఉన్నాయి, నేనే చూడలేదు. తోక దగ్గర మగదానికి ఉండాల్సిన సన్నని ముళ్ళు లేవు. తల నుంచి మూడో వంతు కిందికి, బెల్టు బిగించినట్టు నడుము దగ్గర సన్నని నొక్కు. అది ఆడదానికే ఉంటుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, దానికంటే ఆడది దొరకదు.

అప్పుడు ఆ అమ్మాయి కాగితం తీసి, చదవని అయిదు లైన్లు చదివాను. నాలుగు వంపులు, ముళ్ళు లేకపోవడం, నడుము నొక్కు, అన్నీ ఉన్నాయి. ఆఖరి వాక్యం: 'తోక వంపు జంతువు లక్షణం కాదు, సీసా లక్షణం.' ముప్పై ఒక్క ఏళ్ళలో నేను అంత మంచి వాక్యం క్లాసులో చెప్పలేదు.

ఎక్స్‌టర్నల్ అప్పటికే మార్కుల పట్టీ కవరులో పెట్టి, లక్క కరిగించే కొవ్వొత్తి వెలిగిస్తున్నాడు. విషయం చెప్పాను.

"ఇప్పుడా సార్? నాలుగుంబావు అయితాంది."

"పురుగుకు టైం తెలీదు. నా కీ తప్పు. దిద్దినవన్నీ మళ్ళీ దిద్దాలి."

"దిద్దితే ఏమైతదో ఎరికేనా? ఈ ఒక్క పిల్ల పాస్ అయితది. మగది అని రాసినోళ్ళకు మార్కులు కొయ్యాలె. ఆరుగురు కింద పడ్తరు. చూసుకోండ్రి." ఆయన లెక్క కరెక్టే. నేనూ వేసి చూశాను. ఆరుగురే.

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాం. ఆయన అంతా విని, ఏసీ కొంచెం పెంచి, చాలా దయగా చెప్పాడు. "ఇందులో లొల్లి ఏముంది? నోటి ప్రశ్నల్లో ఆ పిల్లకు రెండు మార్కులు కలపండి. పాసైపోతుంది. కీ అట్లనే ఉండనీయండి. కాలేజీ పేరు కూడా మిగుల్తది. పేగుల పురుగు కోసం ఎవరన్నా యుద్ధం చేస్తారా?"

ఇక్కడ నేను గొప్పవాణ్ణని రాసుకుంటే అబద్ధమవుతుంది. ఆ మాట నాకు నచ్చింది. పిల్ల పాస్, ఆరుగురు పాస్, నా పరువు పాస్, ఎక్స్‌టర్నల్ అయిదింటికల్లా జంక్షన్ దాటేస్తాడు. ఇంతమందికి ఒకేసారి మేలు జరిగే అవకాశం మా కాలేజీలో తరచుగా రాదు. తల కూడా ఊపాననుకుంటాను. కానీ ఊపుతున్నప్పుడు ఒక సంగతి తట్టింది. కీ దిద్దాల్సిందేనన్న సూత్రం కోసం పట్టుబట్టి నెగ్గకపోతే, పోయేది నా ఉద్యోగం కాదు, బయట బెంచీ మీద కూర్చున్న పిల్ల ఏడాది. సూత్రం వదులుకుంటే, వదులుకునేది కూడా ఆ పిల్ల జవాబే. రెండూ నావి కావు. అడుగుదాం అనుకున్నాను. పరీక్ష నియమాల్లో ఇలా అడగొచ్చని ఎక్కడా లేదు. అడగకూడదని మాత్రం ఉంది.

బయటికొచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాను. "నువ్వు రాసిందే రైటు. తప్పు నాది. రెండు మార్కులు వేరేచోట కలిపి పాస్ చేస్తామంటున్నారు. ఏమంటావు?"

ఆ అమ్మాయి చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ కొంచెంసేపు ఆలోచించింది.

"రేపు రెండో బ్యాచ్‌కు గదే సీసా పెడ్తరా సార్?"

"పెడతాం."

"గప్పుడు ఆడది అని రాసినోళ్ళకు?"

"కీ మారకపోతే సున్నా."

"గట్లయితే వద్దు సార్. నాకు దయ చేసి ఇయ్యకుండ్రి. రాసినదానికి ఇయ్యుండ్రి. లేకుంటే ఉండనీయుండ్రి, దుకాణం యాడికి పోదు." అంత ధైర్యంగా అంది గానీ, చున్నీ చుట్టిన వేలి కొస తెల్లబడిపోయింది.

లోపలికి వెళ్ళి పట్టీ ముందు కూర్చున్నాను. పెన్ను తీసి, కింద ఖాళీలో ఇలా రాశాను: 'నాలుగో స్పాటర్ ఆడ ఏలికపాము. కీలో మగది అని ఉన్నది నా తప్పు. ఆడది అని రాసిన అమ్మాయి నమూనాను పరిశీలించి రాసింది కాబట్టి ఆమెకు పూర్తి మార్కులు. మగది అని రాసినవారు నేను నేర్పింది రాశారు కాబట్టి వారి మార్కులు కోయలేదు.' సంతకం చేసి, ఎక్స్‌టర్నల్ వైపు తోశాను.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. "ఒకే పురుగును ఆడదీ మగదీ రెండూ కరెక్టంటే నన్ను కూడా పిచ్చోడంటరు సార్."

"పురుగు ఒక్కటే. ఆడదే. రెండో రకం మార్కులు పురుగుకు కాదు, నా పాఠానికి."

"నేను సంతకం చెయ్య."

"సరే. ఇది కాకుండా వేరే కాగితం మీద నేనూ చెయ్యను. ఇద్దరి సంతకాలు లేనిదే కవరు కదలదు. కూర్చుందాం. టీ చెప్పనా?"

ప్రిన్సిపాల్ వచ్చాడు, వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. "మీ సర్వీసు ఇంకెంతుంది?" అని అడిగాడు. "ఒక మెమోకు సరిపోయేంత ఉంది" అన్నాను. ఆయనకు నచ్చలేదు. అటెండర్ కిటికీ తెరిచాడు, మిర్చి ఘాటు వచ్చింది. అందరం కళ్ళు తుడుచుకున్నాం. ఎవరూ తగ్గలేదు. అయిదయింది. అయిదుంబావు అయింది.

చివరికి ఎక్స్‌టర్నల్ లేచి, ట్రే దగ్గరికి వెళ్ళి, భూతద్దం తీసుకుని పురుగు మీదికి వంగాడు. పొద్దున్నుంచి ఆ గదిలో గడియారం కాకుండా ఆయన చూసిన మొదటి వస్తువు అదే. చాలాసేపు చూశాడు.

"నడుము మస్తు సాఫ్‌గ కనపడ్తాంది గద సార్," అన్నాడు మెల్లగా. "మా కాలేజీల గూడ గిట్లాంటి పొట్టి సీసానే ఉన్నది." సంతకం చేశాడు. ఆ సాయంత్రం చాంద్రాయణగుట్ట దగ్గర ఆయన ఎంతసేపు ఇరుక్కున్నాడో నేను అడగలేదు.

ఆ అమ్మాయి ఇరవై ఒకటితో పాసైంది. ఫలితాలొచ్చిన వారానికి వాళ్ళన్న ల్యాబ్‌కు వచ్చాడు. గొడవకేమో అనుకుని నిలబడ్డాను. జేబులోంచి టేపు తీశాడు. "మీ కాడ సీసాలు పొట్టిగున్నయంట సార్. మా చెల్లె ఇంట్ల ఒకటే లొల్లి. కొలతలు చెప్పుండ్రి, పంపిస్త." పంపించాడు. చెల్లెల్ని మూడేళ్ళూ పంపించాడు.

నాకూ ఒకటి వచ్చింది, పరీక్షల విభాగం నుంచి. ఒకే నమూనాకు ఆడ, మగ అనే రెండు జవాబులకూ మార్కులు ఎలా ఇచ్చారో సంజాయిషీ ఇవ్వమని. ఒక్క లైను రాసి పంపాను: 'పురుగు ఆడదే, మగదని చెప్పింది నేను.' అది సంజాయిషీ కిందికి రాదన్నారు. మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే లైను పంపాను, ఈసారి డబుల్ స్పేసులో. దాంతో యూనివర్సిటీ పరీక్షల పనుల నుంచి నన్ను తప్పించారు. రిటైరయ్యేదాకా మరే కాలేజీకీ ఎగ్జామినర్‌గా వెళ్ళలేదు. వేరే కాలేజీల ఉప్మా తినే భాగ్యం అలా పోయింది. తట్టుకున్నాను.

పనిలో పనిగా ఒక సర్క్యులర్ కూడా వేశారు: ఇకపై ఏలికపాము నమూనా పెట్టినప్పుడు ఆడదా మగదా అని అడగరాదు, పేరు రాస్తే చాలు. తప్పు దొరికితే ప్రశ్ననే తీసేయడం వాళ్ళ పద్ధతి. ఆ సర్క్యులర్‌ను స్టాఫ్ రూము బోర్డుకు పిన్ను గుచ్చింది కూడా నేనే, అందరికీ కనిపించాలని. నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది. యూనివర్సిటీ పరీక్షలు నా చేతిలో లేకపోయినా, కాలేజీలో నెలనెలా పెట్టే చిన్న పరీక్షలు నావే. నాలుగేళ్ళూ అదే పురుగును అదే పొట్టి సీసాలో లేబుల్ లేకుండా పెట్టాను. ఆడదా మగదా అనే అడిగాను. పేరు తప్పు రాసినవాళ్ళది కూడా కింద ఆఖరి లైను దాకా చదివాను. చాలావరకు కింద కూడా తప్పే ఉండేది. అయినా చదివాను.

ప్రిన్సిపాల్ రెండుసార్లు పిలిచి సర్క్యులర్ గుర్తు చేశాడు. రెండుసార్లూ గుర్తుంది అన్నాను.

నా ఆఖరి సంవత్సరం, ఆఖరి పరీక్ష. ఒకమ్మాయి ఆ సీసా ముందు నిలబడి ఏమీ రాయడం లేదు. గంట కొట్టారు. జరగలేదు. వెనక వరస ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"మూత తీయుండ్రి సార్. బయటికి తీసి సూడకుంట నేను రాయ."

పరీక్ష మధ్యలో మూత తీయకూడదు. తీశాను. ట్రే, భూతద్దం తన ముందు పెట్టాను. వరసలో ఉన్నవాళ్ళంతా కాగితాలు బల్ల మీద పడేసి చుట్టూ మూగారు. అటెండర్ గంట పట్టుకుని నా వంక చూశాడు, కొట్టనా అన్నట్టు. వద్దని చెయ్యి ఊపాను.